ఇల్లు, పాట, మందు: కవితల్లో టీనేజీ నవల రాయడం ఎలా?

హైదరాబాద్‌లో నాకు తారసపడే కుర్ర రచయితల్లో చాలామంది దగ్గర ఇంచుమించు ఒకే కథ ఉంటుంది. ఇంట్లో ఒకరికి మందో, గంజాయో, మాత్రలో అలవాటు. అదే ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో పాటనో వాయిద్యాన్నో వదలకుండా పట్టుకుని ఉంటారు. "దీన్ని కవితలుగా రాస్తూ నవల చెయ్యొచ్చా? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. చెయ్యొచ్చు. ఎలాగో ఒకచోట రాసి పెడుతున్నాను.

వంద, నూట ఇరవై చిన్న కవితలు. దేనికది విడిగా నిలబడాలి, వరసగా చదివితే నవల కావాలి. పాత్రలు, మలుపులు, ముగింపు అన్నీ ఉంటాయి. పద్యంలో కథ మనకేమీ కొత్త కాదు. బుర్రకథ, ఒగ్గు కథ చేసేది అదే. వచన కవితలో కథ చెప్పాలని కవి కుందుర్తి ఆంజనేయులు ఏనాడో గట్టిగా వాదించారు. పదహారేళ్ళ పిల్లలు చదివేలా రాయడమే మనం కలుపుకోవాల్సింది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ నవలని చెవితో రాయాలి. తాగే మనిషి ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలకి చూడకముందే వినడం అలవాటవుతుంది. బండి స్టాండు వేసిన చప్పుడులో, గేటు గడియ తీసిన తీరులో, మెట్ల మీద అడుగులో ఈ రాత్రి ఎలా ఉండబోతోందో వాళ్ళకి తెలిసిపోతుంది. సంగీతం నేర్చుకునే పిల్లకి కావలసింది కూడా అలాంటి చెవే. సంగీతం, ఇల్లు, వ్యసనం అనే మూడు దారాలూ ముడిపడేది అక్కడ. ఆ ముడి దొరక్కపోతే నవల మూడు ముక్కలుగా విడిపోతుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

- రూళ్ళు లేని నోటుబుక్కు. రూళ్ళుంటే చెయ్యి పంక్తిని చివరిదాకా నింపేస్తుంది.
- ఫోన్లో రికార్డర్. రాసింది చదివి వినడానికీ, వీధి చప్పుళ్ళు పట్టుకోవడానికీ.
- ఒక గోడ క్యాలెండర్, తిథులూ మూఢాలూ ఉన్నది. ఎందుకో మూడో మెట్టులో చెప్తాను.
- మీరు రాయబోయే వాయిద్యం వాయించే మనిషితో కాస్త పరిచయం.
- వ్యసనం గురించి సరైన సమాచారం చెప్పగల డాక్టరో కౌన్సెలరో ఒకరు.
- ఇది మీ ఇంటి కథే అయితే, రాస్తున్నంతకాలం మీరు మాట్లాడుకోవడానికి ఒక నమ్మకమైన మనిషి. దీన్ని దాటేయకండి. పాత రాత్రుల్ని తవ్వుతుంటే మనసు కలగాపులగం అవుతుంది. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

1. ఎవరి చెవి? తేల్చుకోండి

కథ చెప్పేది ఒక్కరే అయితే మంచిది. వయసు పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య. ఇక్కడ ఉదాహరణకి ఒక కుటుంబాన్ని కల్పించుకుందాం. లావణ్య, ఇంటర్ మొదటి సంవత్సరం, వారాసిగూడలో రెండు గదుల ఇల్లు. నాన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, తాగుతాడు. అమ్మ, ఎనిమిదేళ్ళ తమ్ముడు. లావణ్య సాయంత్రాలు రాంకోఠిలోని ప్రభుత్వ సంగీత కళాశాలకి వెళ్ళి వయొలిన్ నేర్చుకుంటుంది.

ఇప్పుడు మీ పాత్రకి రోజు మొత్తంలో వినిపించే చప్పుళ్ళు రాయండి. కుక్కర్ విజిల్, నల్లా వచ్చిన చప్పుడు, పక్కింటి టీవీ, మసీదు అజాన్, బోరు మోటరు, నాన్న దగ్గు. వీటిలో భయం పుట్టించేవి ఏవి, ఊరట ఇచ్చేవి ఏవి? రెండు వరసలు గీయండి. రెండు వరసల్లోనూ ఉండే చప్పుడు ఒకటైనా దొరుకుతుంది. లావణ్యకి అది క్లారినెట్. నాన్న బాగున్న పొద్దున వాయిస్తే ఇల్లంతా తేలికపడుతుంది. తాగొచ్చిన రాత్రి అదే వాయిద్యం అర్ధరాత్రి కీచుమంటుంది. మీ నవలకి గుండెకాయ ఆ చప్పుడే. మొదటి కవిత దానితో మొదలుపెట్టండి.

ఇంకో దారి కూడా ఉంది. ఇద్దరు చెప్పాలనుకుంటే అక్కా తమ్ముళ్ళని తీసుకోండి. తమ్ముడి కవితలు మూడు నాలుగు పంక్తులు దాటకూడదు. బుర్రకథలో వంతపాడేవాళ్ళు కథకుడికి అడ్డుతగిలి ప్రశ్నలేసినట్టు, వాడి కవితలు అక్క చెప్పింది నిజమేనా అని అడగాలి.

2. వాయిద్యాన్ని దగ్గరగా చూడండి

"సంగీతం ఆమెకి ప్రాణం" అని రాస్తే ఎవరూ నమ్మరు. వాయిద్యం పట్టుకున్న చెయ్యి కనపడాలి.

క్లారినెట్ రీడు పల్చటి రెల్లు ముక్క. వాయించే ముందు దాన్ని నాలుక మీద పెట్టి తడుపుకుంటారు. ఎండిన రీడు సరిగా పలకదు. అంటే లావణ్య నాన్న ఎవరితోనైనా మాట్లాడే ముందు కూడా నోట్లో రీడు పెట్టుకుని ఉండొచ్చు, అప్పుడు ఆయన జవాబు చెప్పక్కర్లేదు. ఒక చిన్న నిజం పాత్ర స్వభావాన్ని ఎలా పట్టిస్తుందో చూశారా? వాయిద్యం ముక్కలుగా ఊడదీసి పెట్టెలో పెట్టేది కాబట్టి, ఒకరోజు పెట్టె తెరిస్తే అందులో ఒక ముక్క లేకపోవడం ఒక కవిత అవుతుంది. పెట్టె మొత్తం తాకట్టు కొట్టుకి పోవడం ఇంకో కవిత.

వయొలిన్ కూడా అంతే. మన పద్ధతిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, వాయిద్యం తలని కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. తీగలు స–ప–స–ప కి శ్రుతి చేస్తారు. గాలిలో తేమ, వేడి మారితే శ్రుతి జారుతుంది. తీగ బిగించే బిరడా తిప్పాలి, మళ్ళీ వినాలి. ఇంట్లో గొడవైన మర్నాడు లావణ్య పంచమం (ప స్వరం) పట్టుకోలేకపోతే మాస్టారు "విను, ముందు విను" అంటారు. ఆ పిల్ల రాత్రంతా చేసింది అదే పని. ఆ ఎరుక పాఠకుడికి కలిగితే చాలు, మీరు నోరు విప్పి చెప్పొద్దు.

పాఠాల క్రమం కాలాన్ని చూపించడానికి పనికొస్తుంది. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాత మలహరి రాగంలో గీతాలు, తర్వాత స్వరజతి, వర్ణం. "మూడు నెలలు గడిచాయి" అని రాసే బదులు పిల్ల జంట స్వరాల నుంచి గీతంలోకి వచ్చిందని చూపిస్తే సరిపోతుంది.

జాగ్రత్త: వయొలిన్ గొప్పది, బ్యాండు తక్కువది అనే మాట నవలలోకి రానివ్వకండి. శాస్త్రీయ సంగీతం పిల్లని రక్షించింది, బారాత్ పాట తండ్రిని చెడగొట్టింది అనే లెక్క తప్పు, అన్యాయం కూడా. నాన్న క్లారినెట్ మీద వాయించే సినిమా పాటలోని గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, మాస్టారు నేర్పే గమకానికి తీసిపోదని లావణ్య ఒకచోట గ్రహించాలి. ఆయన ఏం పోగొట్టుకుంటున్నాడో ఆమెకి అప్పుడే తెలుస్తుంది. మరో వాయిద్యం కావాలంటే బార్కస్ వైపు మర్ఫా డప్పుల మేళం ఉంది, బస్తీల్లో డప్పు ఉంది, తీన్‌మార్ ఉంది, ఆర్కెస్ట్రాల్లో ప్యాడ్లు ఉన్నాయి. కీబోర్డు వాయించే అన్న కథ కూడా చక్కగా కుదురుతుంది.

3. ఏడాదిని కథకి వెన్నెముకగా పెట్టుకోండి

విడివిడి కవితలు జారిపోకుండా పట్టి ఉంచేది కాలం. బ్యాండు ఇంటికి ఇది చేతికందే సాయం, ఎందుకంటే వాళ్ళ డబ్బూ తాగుడూ రెండూ క్యాలెండరు మీదే నడుస్తాయి. మాఘం నుంచి ముహూర్తాలు. చేతిలో అడ్వాన్సు, రాత్రి బారాత్, పెళ్ళివారు పోసే మందు. మూఢం వస్తే ఖాళీ. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, కానీ నగరం మాత్రం మోగిపోతుంది. గోల్కొండలో బోనాలు మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్ దర్వాజా దాకా ఆదివారాలన్నీ డప్పులే. బయట అంత చప్పుడు, ఇంట్లో పైసా లేని నిశ్శబ్దం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక అరడజను కవితలు రాయొచ్చు. శ్రావణంలో మళ్ళీ ముహూర్తాలు. ఆ తర్వాత గణేశ్ నిమజ్జనం.

కార్తీకంలో నాన్న అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. ఇంట్లో పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, శరణుఘోష, నేల మీద పడక. ఆ రోజులు నిజంగా మంచివి, వాటిని మంచివిగానే రాయండి. భక్తిని వెక్కిరించకండి. కానీ తమ్ముడు క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తూ ఉంటాడు. మాల తీసే రోజు దగ్గర పడుతుంటే లావణ్యకి కడుపులో ఏమవుతుందో అది రాయండి. తెలుగు ఇళ్ళలో ఈ నలభై ఒక్క రోజులు ఎంతమందికి తెలుసో! నాకైతే ఈ నవలలో అందరికంటే ఎక్కువ ఆసక్తి ఆ భాగం మీదే.

పెళ్ళిళ్ళ కాలం, ఆషాఢం, శ్రావణం, దీక్ష, దీక్ష తర్వాత. ఇలా ఐదు భాగాలు చేసుకోండి. ఒక్కో భాగానికి పాతిక కవితల దాకా. భాగాలన్నీ సమానంగా ఉండాలనేం లేదు, ఆషాఢం పదిహేనుతో అయిపోవచ్చు.

4. పంక్తి విరవడం నేర్చుకోండి

అందరూ తడబడేది ఇక్కడే. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది. ప్రతి వాక్యాన్నీ ఒక పంక్తిగా పెడితే ఇలా తయారవుతుంది:

నాన్న పదకొండింటికి వచ్చాడు
అమ్మ తలుపు తీసింది
నేను పడుకున్నట్టు నటించాను
తమ్ముడు భయపడ్డాడు

ఇది హాజరు పట్టీ. ప్రతి పంక్తీ క్రియ మీదే పడి ఆగుతోంది, చెవికి ఒకటే దెబ్బ. అదే సంగతి ఇలా:

పదకొండు.
గేటు గడియ
మూడుసార్లు తప్పింది.

అమ్మ లేచింది.
గాజులు
గలగలమనకుండా
మోచేతి దాకా
తోసుకుంది.

తమ్ముడి చెవి మీద
నా చెయ్యి.

రెండోదాంట్లో నాన్న అన్న మాటే లేదు, అయినా ఆయన వచ్చేశాడు. తమ్ముడి భయాన్ని పేరుపెట్టి చెప్పలేదు. చివరి రెండు పంక్తులకి క్రియే లేదు. తెలుగు వాక్యం క్రియ లేకుండా హాయిగా నిలబడుతుంది, దాన్ని వాడుకోండి.

పంక్తి విరిచేటప్పుడు చూసుకోవాల్సినవి: కి, తో, లో, కోసం లాంటివి వాటి మాట నుంచి ఊడదీసి కింద పంక్తిలో పడెయ్యకండి. "నాన్న / తో" అని ఎవరూ మాట్లాడరు. ఆశ్చర్యం కావాలంటే క్రియకి ముందు విరవండి, పాఠకుడు ఒక్క క్షణం ఊపిరి బిగపడతాడు. కానీ ప్రతిసారీ అదే చేస్తే అదొక చిట్కాలా కనపడిపోతుంది. వచ్చిండు, తాగిండు, పడిండు అని పంక్తుల చివర వరసగా వస్తే అది ప్రాస కాదు, అనుకోకుండా పడిన మోత. మూడింట్లో రెండింటినైనా తప్పించండి.

5. ఇంటి పరిస్థితిని నడకకి ముడిపెట్టండి

వచన కవితే అయినా నడక, అంటే లయ, ఉంటుంది. దాన్ని మాత్రల్లో లెక్కపెడతారు: పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగు అక్షరానికీ ఒత్తుకి ముందున్న అక్షరానికీ రెండు. మూడు–నాలుగు మాత్రల మిశ్రగతి మనకి గురజాడ ముత్యాల సరాల నుంచి అలవాటు. సంగీతంలో మిశ్రచాపు తాళానిదీ ఇదే ఏడు, తకిట–తకధిమి. ఇల్లు నెమ్మదిగా ఉన్న రోజుల కవితలు ఈ నడకలో రాయండి. నడక ఇలా ఉంటుంది:

గేటు చప్పుడు వినగ వినగా
అమ్మ గాజులు ఆగిపోయిన
రాత్రి మూలన తమ్ముడొక్కడు

చేత్తో తాళం వేసి చదవండి: గేటు (మూడు) చప్పుడు (నాలుగు), వినగ (మూడు) వినగా (నాలుగు). సాఫీగా పోతుంది. ఇంతకీ ఇది నెమ్మదైన రోజు కాదు, భయం ఉన్న రాత్రి. ఆ సంగతికీ ఈ నడకకీ పొసగడం లేదు. మాటలు భయపెడుతుంటే తాళం జోల పాడుతోంది. అందుకే ముందు మెట్టులో ఇదే రాత్రిని నడక విరిచి రాశాం. దీక్ష రోజుల కవితలు ఏడు మాత్రల్లో నడిపించి, మాల తీసిన మర్నాడు ఒక్క మాత్ర ఎగరగొట్టండి. పాఠకుడికి ఛందస్సు తెలియకపోయినా కాలు తడబడినట్టు అనిపిస్తుంది.

ఇది కష్టమనిపిస్తే తేలిక దారి: నెమ్మది రోజులకి పొడుగు పంక్తులు, గొడవ రోజులకి రెండు మూడు మాటల పంక్తులు.

6. కవిత కాని వాటిని కవితలు చెయ్యండి

వంద కవితలూ ఒకే మూసలో ఉంటే ముప్పయ్యో కవిత దగ్గర పుస్తకం మూసేస్తారు. తాకట్టు రసీదు, కాలేజీ వాట్సాప్ గ్రూపు, అమ్మ కిరాణా చిట్టీ, సంగీతం క్లాసు హాజరు, డాక్టరు చీటీ అన్నీ పనికొస్తాయి. నాన్న బ్యాండు డైరీ చూడండి:

ఉప్పల్. రాత్రి 9. అడ్వాన్సు ముట్టింది.
సైదాబాద్. బారాత్. అడ్వాన్సు ముట్టింది.
నాగోల్. తెల్లారుజాము. అడ్వాన్సు ముట్టింది.
చిలకలగూడ. కొట్టేసి ఉంది.

కింద పెన్సిల్‌తో
అమ్మ చేతిరాత:
ముట్టింది ఏది?

ఇలాంటివి పది పన్నెండు మించకుండా, దూరం దూరంగా పెట్టండి.

సినిమా పాట సాహిత్యాన్ని మాత్రం ఎత్తి రాయకండి. రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. పాట ఏ చరణంలో ఉండగా కరెంటు పోయిందో చెప్పండి, చాలు. త్యాగరాజ కీర్తనలకీ, గోల్కొండ చెరసాల చూసిన రామదాసు కీర్తనలకీ ఆ చిక్కు లేదు.

7. వ్యసనం గురించి తప్పు రాయకండి

ఇక్కడ తప్పు రాస్తే చదివే పిల్లలకి హాని జరుగుతుంది. వాళ్ళలో కొందరు మీ పుస్తకంలో చూసిందే ఇంట్లో చేసి చూస్తారు.

నాన్న కూతురి మీద ఒట్టేసి ఆ పూట నుంచి మానేశాడు, గదిలో పెట్టి తలుపేశారు, మూడు రోజుల్లో మామూలు మనిషయ్యాడు. ఈ ఘట్టం చాలా రాతప్రతుల్లో కనిపిస్తుంది. ఇది ప్రమాదం. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే గంటల్లోనే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు తర్వాత కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒట్టు ఘట్టం ఉంచుకోండి, కానీ ఆ రాత్రే వణుకు చూపించి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఈ నగరంలో అందరికీ తెలిసిందే. అక్కడికి వెళ్ళడానికి అమ్మ పడే సిగ్గు, బంధువులు ఏమనుకుంటారోనన్న భయం, ఆటోలో డ్రైవరుకి పక్క వీధి పేరు చెప్పడం, వీటిలో ఎంత కథ ఉందో. దీక్ష భాగానికీ ఇదే వర్తిస్తుంది. మాల వేసుకునే ముందు నాన్న డాక్టరుని కలిసినట్టు ఒక చిన్న కవిత పెడితే కథ ఏమీ చెడదు.

"తెలియకుండా మందు మాన్పిస్తాం" అని గోడల మీద రాసే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. కూరలో కలిపే పొడులూ చుక్కలూ కథలో వస్తే, దాని ఫలితాన్ని కూడా నిజంగా చూపించండి. తాగుడు మాన్పడానికి వాడే డైసల్ఫిరామ్ తీసుకున్న మనిషి మందు తాగితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం లాంటివి వస్తాయి. డాక్టరు చూసి, ఆ మనిషికి చెప్పి ఇవ్వాల్సిన మందు అది.

కల్లు కాంపౌండ్ కథ రాసేవాళ్ళు గుర్తుంచుకోండి: ఆల్‌ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అలాంటి కల్లుకి అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా దొరక్కపోయినా ఫిట్స్, వింత ప్రవర్తన వస్తాయి. పాత్ర తాగేదాన్ని "ఉత్త కల్లేగా" అని తేల్చెయ్యకండి.

గంజాయి అలవాటున్న అన్న కథ అయితే ఇల్లంతా పోలీసు భయంతో నిండిపోతుంది. మత్తుపదార్థాల కేసులకి వాడే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద, తక్కువ మోతాదు కేసుల్లో వ్యసనపరుడు తానుగా ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకి వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. ఈ ఒక్క విషయం తెలిసిన పాత్ర కథని మలుపు తిప్పగలదు. ఎక్కడ దొరుకుతుంది, ఎలా వాడతారు అన్న వివరాలు మాత్రం రాయొద్దు. కథకి వాటి అవసరం లేదు.

ఒకసారి మానేసిన మనిషి మళ్ళీ తాగడం మామూలుగా జరిగేదే. దాన్ని చివరి పేజీలో పిడుగులా వెయ్యకండి, మధ్యలో ఎక్కడో రానివ్వండి. ఆ తర్వాత కూడా కథ నడవాలి. కారణం ఒక్కటే చూపించకండి. అప్పులో, అవమానమో, పని లేకపోవడమో, రాత్రి కొలువో అన్నీ కలిసి ఉంటాయి. కూతురి వల్ల తాగాడని గానీ, కూతురి ప్రేమ వల్ల మానేశాడని గానీ ఎక్కడా తేలకూడదు. ఆ రెండు బరువులూ పిల్ల మొయ్యలేదు.

8. మాట తీరు

లావణ్య ఇంట్లో "నాన్న ఇంకా రాలే", "గట్ల అనకు", "జర ఆగు తమ్మీ" అని మాట్లాడుతుంది. పక్కింటి వాళ్ళతో ఉర్దూ కలుస్తుంది. కథనం కూడా అదే తీరులో సాగిస్తే అందం. కొన్ని రాతప్రతుల్లో తాగిన తండ్రి ఒక్కడే తెలంగాణ తెలుగు మాట్లాడతాడు, మాస్టారూ డాక్టరూ పుస్తకాల తెలుగు మాట్లాడతారు. ఇది సినిమాల నుంచి అంటుకున్న జబ్బు. మీ పుస్తకంలో మాస్టారు కూడా "మంచిగ వాయించినవ్ బిడ్డా" అనాలి.

9. ముగింపు

నాన్న మారాడా లేదా అన్నది ముగింపు కానక్కర్లేదు. లావణ్య ఏం కోరుకుంది, దాన్ని ఎంతవరకు అందుకుంది అన్నదే ముగింపు. మొదటి భాగంలోనే ఆమెకి తనదంటూ ఒక కోరిక ఇవ్వండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో విద్యార్థుల కార్యక్రమం, ఒక వర్ణం, ఎనిమిది నిమిషాలు. నాన్న హాల్లోకి వచ్చాడా లేదా అనేది ఆమె వింటుందా, లేక ఆ ఎనిమిది నిమిషాలూ తన వాయిద్యాన్నే వింటుందా? దాన్ని మీరు తేల్చండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ప్రతి కవితా చివరి పంక్తిలో ఒక సూక్తితో ఆగడం అన్నిటికంటే పెద్ద జబ్బు. రాసిన ప్రతి కవితకీ చివరి రెండు పంక్తులు వేలితో మూసి చదవండి. ఏమీ తగ్గకపోతే కొట్టెయ్యండి.

అమ్మని సహనమూర్తిని చెయ్యడం ఇంకొకటి. ఆమె బ్యాండు మేస్త్రీకి ఫోన్ చేసి "ఆయనకి జ్వరమండీ" అని అబద్ధం చెప్తుంది, డబ్బు పప్పుల డబ్బాలో దాస్తుంది, కోపం పిల్లల మీద చూపిస్తుంది. అవన్నీ రానివ్వండి.

నాన్నని తాగిన రాత్రుల్లో మాత్రమే చూపించడం కూడా తప్పే. ఆయన హాస్యం, చేతి పని, పిల్లలకి నేర్పిన ఒక్క పాట కనపడకపోతే ఆయన పోగొట్టుకునేది ఏమిటో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

మీ సొంత ఇంటి కథ అయితే పేర్లు మార్చడం చాలదు. బస్తీ, ఉద్యోగం, వాయిద్యం మూడూ మార్చండి. వీలైతే అచ్చుకి ముందు ఆ మనిషికి చూపించండి, లేదా కనీసం అమ్మకి చెప్పండి.

బాగా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి?

ఒక కవిత తీసుకుని పంక్తులన్నీ కలిపేసి మామూలు పేరాలా టైపు చెయ్యండి. పేరాగా కూడా అంతే బాగుంటే అది కవిత కాలేదు, మళ్ళీ నాలుగో మెట్టుకి వెళ్ళండి.

పైకి చదివి రికార్డు చేసి, రెండు రోజులాగి బస్సులో వినండి. ఊపిరి అందని చోటు, నాలుక తట్టుకున్న చోటు మీ చెవే పట్టిస్తుంది.

రంగు పెన్సిల్ తీసుకుని చప్పుడు ఉన్న ప్రతి మాట కింద గీత గీయండి. వరసగా ఐదారు పేజీల్లో గీత పడకపోతే లావణ్య వినడం మానేసిందన్నమాట, మీరే మాట్లాడుతున్నారు.

కవితల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, మందు ఉన్నవి, సంగీతం ఉన్నవి, రెండూ లేనివి అని గుర్తులు పెట్టండి. మందు సగం దాటితే తగ్గించండి. రెండూ లేనివి కొన్నయినా ఉండాలి: స్నేహితురాలితో పానీపూరీ, ఫిజిక్స్ పరీక్ష, నచ్చిన అబ్బాయి. పదహారేళ్ళ పిల్ల జీవితం నాన్న సీసా ఒక్కటే కాదు.

తర్వాత ముగ్గురికి ఇవ్వండి. పదిహేను, పదహారేళ్ళ పాఠకుడికి: ఎక్కడ ఆపేశావని మాత్రమే అడగండి, ఎందుకని అడగొద్దు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పెద్దవాళ్ళకి ఒకరికి. ఏడో మెట్టు భాగాలు డాక్టరుకి.

చివరగా, మామూలు పుస్తకాల డెమ్మీ సైజుకి దగ్గరగా ఉండే ఏ5 కాగితం మీద ప్రింటు తీసి చూడండి. తెలుగు మాటలు పొడుగు. తెర మీద ఒక పంక్తిలో పట్టింది కాగితం మీద విరిగి కిందికి జారుతుంది, మీరు విరవని చోట విరుగుతుంది. యూనికోడ్ నుంచి డీటీపీలో వాడే అను ఫాంట్లకి మార్చేటప్పుడు పంక్తులు కలిసిపోతుంటాయి కూడా. డీటీపీ చేసేవారికి ఎడమ అంచుకి మాత్రమే సర్దమని, రెండు అంచులూ సమానం చెయ్యొద్దని రాసి ఇవ్వండి, ప్రూఫు మీరే చూడండి. పుస్తకం చివర ఒక పేజీ వదలండి. అందులో టెలీ మానస్ 14416, మత్తు వ్యసనాల సహాయానికి 14446, పిల్లల కోసం 1098 పెద్ద అక్షరాల్లో వేయించండి.